రూపాయలు తీసేసినవా?

మా దిక్కు మెకానిక్‌ను మేస్త్రి అనరు. మేస్త్రి అంటే ఇళ్లు కట్టేవాడు. బండ్లు బాగుచేసేవాణ్ని ఉస్తాద్ అంటారు, ఒళ్లు మండితే ఇంకేదో అంటారు. నన్ను మేస్త్రి గారూ అని పిలిచినవాడు నా జన్మలో ఒక్కడే. గోదావరి దిక్కు నుంచి వచ్చి, శంషాబాద్‌లో కిరాయింట్లో ఉంటూ, ఎయిర్‌పోర్టుకు టాక్సీ నడుపుకునేవాడు. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు, నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను.

పాల్మాకుల నుంచి శంషాబాద్ వచ్చే దారి పక్కన మాది రేకుల షెడ్డు. ఎయిర్‌పోర్టు తెరవక ముందు ట్రాక్టర్లు, ఆటోలు వచ్చేవి. తెరిచాక అన్నీ తెల్ల కార్లే. రోజంతా ఉరుకులాట బండ్లు కాబట్టి వాటికి ముందు అరిగేవి బ్రేకులే. నాతోపాటు మా బావ ఉండేవాడు, అంటే మా అక్క మొగుడు. పొలంలో పని లేని రోజుల్లో వచ్చి చెయ్యేసేవాడు. నాకు కదలని బోల్టు ఆయన చెయ్యి పడితే కదిలేది. నోరు మాత్రం నాకంటే ఎక్కువ. బావా బామ్మర్దులం కదా, పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దింపేదాకా ఒకరినొకరు తిట్టుకుంటూనే పని చేసేవాళ్లం.

బ్రేకు ప్యాడ్లు మార్చమని వచ్చినవాళ్లందరూ ఒకటే మాట అడిగేవారు: పాత డిస్క్ నడుస్తదా? డిస్క్ అంటే చక్రంతోపాటు తిరిగే ఇనప బిళ్ల. ప్యాడ్లు రెండు వైపుల నుంచి దాన్నే పట్టుకుని బండిని ఆపుతాయి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్క్ కూడా మార్చెయ్యాలనేవాడికి అమ్ముకోవడం తెలుసు, పని తెలియదు. చూడకుండానే పాతది ఉంచెయ్యమనేవాడికి భయం తెలియదు. నేను చూసేవాణ్ని. గీతలు పడ్డాయా అని గోరుతో గీకి చూసేవాణ్ని. కాగి నీలం మచ్చలు పడ్డాయా, సన్న పగుళ్లున్నాయా అని వెలుతురులో తిప్పి చూసేవాణ్ని. బయటి ముఖం మెరుస్తుంటే మురిసిపోకుండా లోపలి ముఖం కూడా చూసేవాణ్ని, ఎందుకంటే ఎక్కువసార్లు చెడేది అదే. అన్నీ చూశాక మందం కొలిచేవాణ్ని.

మందం కొలవడంలోనే ఉంది తిరకాసు. ప్యాడ్ తగిలినంత మేర డిస్క్ అరుగుతుంది, చుట్టూ అంచు మాత్రం అరగకుండా గట్టులా నిలబడుతుంది. వర్నియర్ స్కేలు పెడితే దాని కొక్కేలు ఆ గట్టు మీదే కూర్చుంటాయి, అరిగిన చోటుకు అందవు. దానికి మా షెడ్డులో ఒక ఉపాయం ఉండేది. గట్టుకు లోపల, డిస్క్‌కు ఆ పక్కొకటి ఈ పక్కొకటి రూపాయి బిళ్లలు పెట్టి, బిళ్లలతో సహా కొలిచి, వచ్చిన దాంట్లోంచి బిళ్లల మందం తీసేసేవాళ్లం. రెండూ కలిపి మూడు మిల్లీమీటర్లు. అవి ఖర్చు కాకుండా సీసాలో వేరుగా ఉంచేవాణ్ని. స్కేలు చదివేదీ నేనే, మనసులో తీసేసేదీ నేనే. బావ బిళ్లలు పట్టుకునేవాడు. నేను చెప్పిన అంకె ఆఖరి అంకె, దాన్ని డిస్క్ మీద కొట్టి ఉన్న కనీసపు అంకెతో పోల్చుకోవడమే మిగిలేది.

ఇట్లా ఏళ్ల తరబడి నడిచింది. ఒకరోజు మా బావ నా అద్దాల మీద కూర్చున్నాడు.

"కుర్చీల ఎవడన్న అద్దాలు పెడ్తడా?" అని నా మీదికే వచ్చాడు. "కుర్చీల కూసునేముందు ఎవడన్న చూడడా?" అన్నాను. అవి లేకుంటే నాకు స్కేలు మీది గీతలు అలికినట్టు కనిపిస్తాయి. కొత్తవి చేయించేదాకా స్కేలు చదివే పని బావకు పడింది. బిళ్లలు పట్టుకునే పని నాకు వచ్చింది. తీసేసే పని ఎవరిదో మేం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాలని ఇద్దరికీ తట్టలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే గోదావరి డ్రైవర్ వచ్చాడు. కొడుకు పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయించాలని మొక్కు. పెళ్లాన్నీ అత్తగారినీ పిల్లవాణ్నీ ఎక్కించుకుని మధ్యాహ్నం లోపల బయల్దేరాలట. బ్రేకు తొక్కితే గీరుతున్న చప్పుడు. విప్పితే ప్యాడ్లు పూర్తిగా అరిగి ఉన్నాయి. డిస్కులు చూశాను. గీతలు లేవు, మచ్చల్లేవు, లోపలి ముఖం కూడా శుభ్రంగా ఉంది. అంచు మీద బొటనవేలు పెట్టి రాశాను. గట్టు బాగానే తగిలింది. బిళ్లలు పట్టుకున్నాను. బావ కళ్లు చిట్లించి చదివాడు.

"ఇరవై రెండుంది."

డిస్క్ మీద కొట్టి ఉన్న కనీసం ఇరవై. ఇంకేం కావాలి?

"ఏమంటారు మేస్త్రి గారూ? పాతవే ఉంచెయ్యమంటారా?" అన్నాడు డ్రైవర్.

"నడుస్తది" అన్నాను. "బేఫికర్ పోయిరా అన్నా."

డిస్కులు గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో తుడిచి, కొత్త ప్యాడ్లు వేశాం. ఎయిర్‌పోర్టు రోడ్డు మీదికి తీసుకెళ్లి నాలుగైదుసార్లు తొక్కి చూశాను. తొక్కిన చోట ఆగింది. ఆయన మొహం వెలిగిపోయింది.

సాయంత్రం ఇంకో కారు వచ్చింది. అదే పని. నేను బిళ్లలు పట్టుకున్నాను, బావ చదివాడు. ఇరవై నాలుగు అన్నాడు. ఆ డిస్క్ కొత్తదే ఇరవై రెండు ఉంటుంది. వాడి వాడి ఇనుము బలిసిందా?

"బావా, రూపాయలు తీసేసినవా?"

"నేనెందుకు తీసేస్త? గది నీ పనే గద."

"మరి పొద్దున?"

"పొద్దున గూడ స్కేలు మీద ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నువ్వు తీసేస్కున్నవ్ అనుకున్న."

నా చేతిలోంచి బిళ్లలు జారి కింద పడ్డాయి. ఇరవై రెండులో మూడు తీసేస్తే పంతొమ్మిది. కనీసం కంటే తక్కువ. పైగా అంచు మీద అంత గట్టు తగిలింది కదా, అరగని డిస్క్‌కు గట్టు ఎక్కడి నుంచి వస్తుంది? నా బొటనవేలికి ఆ సంగతి తెలిసింది. నేనే దాన్ని పట్టించుకోకుండా బావ నోట్లోంచి వచ్చిన అంకెను నమ్మాను. తలకాయ బాదుకోవాలనిపించింది. బాదుకున్నాను కూడా.

పల్చబడ్డ డిస్క్ ఊళ్లో తిరిగితే ఏమీ చెయ్యదు. కొండ దిగేటప్పుడే దాని బుద్ధి బయటపడుతుంది. తొందరగా కాగుతుంది, కాగితే వణుకుతుంది, పగుళ్లిస్తుంది. శ్రీశైలం నుంచి కృష్ణ దాకా మలుపు మీద మలుపు, అంతా దిగుడే. పిల్లవాడు ఆ కారులోనే ఉన్నాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకురా" అన్నాడు బావ. "గంతకన్న పల్చటియి వేస్కొని తిరుగుతలేరా మంది?"

"మందికి నేను నడుస్తదని చెప్పలే. ఈయనకు చెప్పిన."

ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. అడవి దారి, ఎక్కడా సిగ్నల్ ఉండదు. మళ్లీ చేశాను. మళ్లీ అదే ఆడగొంతు, అదే మాట. బావ కూడా తన ఫోన్‌లోంచి చేయడం మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్తే అక్క సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇద్దరు మొగోళ్లు. రెండు రూపాయలు తీసేసుడు చేతగాలేదా? పాపం ఆ పసిపిల్లగాడు!"

అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆ కంచం ముందు ఉండగానే ఫోన్ కలిసింది. ఎత్తింది ఆయన కాదు, ఆయన భార్య.

"ఆయన దర్శనం లైన్లో ఉన్నారండీ, ఫోన్ నా దగ్గరుంది. ఎవరండీ?"

"బ్రేకుల షెడ్డు నుంచమ్మా."

"అయ్యో మేస్త్రి గారా! బాగా చేరామండీ. బ్రేకులు భలే పట్టాయని దారంతా మిమ్మల్నే మెచ్చుకున్నారు."

చెప్పాలి. డిస్కులు పల్చగున్నయి, నేను తప్పు చెప్పిన, ఆ బండిల దిగకుండ్రి, బస్సులో వచ్చెయ్యుండ్రి అని చెప్పాలి. అంతే మాట. కానీ ఆ మాట చెబితే రేపు టాక్సీ అడ్డా మొత్తానికి తెలుస్తుంది. రెండు బిళ్లల లెక్క రాని ఉస్తాద్ అంటారు. అది ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఒక్క క్షణమే నా నాలుకను తిప్పేసింది.

"రేపు దిగేటప్పుడు జర మెల్లగ రమ్మనమ్మా. చిన్న గేర్ల దిగమను."

"ఎందుకండీ? ఏమైనా ఉందా?"

"ఏం లేదమ్మా. ఊకెనే. వానలు గద."

ఫోన్ పెట్టేశాను. బావ నన్నే చూస్తున్నాడు. అక్క కంచం తీసుకుని లోపలికి పోయింది.

తెల్లారగానే మళ్లీ చేశాను, ఈసారి మొత్తం చెప్పేద్దామని. అందుబాటులో లేదు. బయల్దేరి ఉంటారు. సిగ్గు లేని బతుకు అని నన్ను నేను తిట్టుకుని, బావను బైకు ఎక్కించుకుని తుక్కుగూడ వచ్చాను. శ్రీశైలం రోడ్డులో వచ్చేవాళ్లు శంషాబాద్‌కు అక్కడే మళ్లాలి. చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు నిలబడ్డాం. పహాడీ షరీఫ్ దర్గాకు పోయేవాళ్లు, రావిర్యాల దిక్కు పనికి పోయే కూలీలు, ఆటోల నిండా జనం. మేం మాత్రం దక్షిణం దిక్కు చూస్తూ నిలబడ్డాం. శ్రీశైలం నుంచి వచ్చిన బస్సు ఆగితే కండక్టర్ దగ్గరికి ఉరికి, దారిలో తెల్ల కారు ఏదైనా ఆగిపోయి ఉందా అని అడిగాను.

"ఏ తెల్ల కారన్నా?" అన్నాడు ఆయన. "అన్నీ తెల్ల కార్లే గద."

ఎండ ఎక్కింది. చాయ్ మీద చాయ్ తాగాం. బావ ఒకసారి, "వస్తరు తియ్" అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ అదే అన్నాడు. మూడోసారి అనలేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను. నేను ఇక జన్మలో స్కేలు పట్టుకోనని కూడా మొక్కుకున్నాను. అట్లాంటి మొక్కులు నిలబడవు, దేవుడికి కూడా తెలుసు.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. మమ్మల్ని చూసి ఆయనే ఆపాడు. నవ్వుతూ దిగాడు. వెనక సీట్లో అత్తగారు నిద్రపోతోంది. పక్కన భార్య ఒళ్లో పిల్లవాడు, గుండు మీద గంధం పూసి ఉంది.

"ఏంటి మేస్త్రి గారూ, ఇక్కడున్నారు? ఇదిగో, ప్రసాదం తీసుకోండి" అంటూ భార్య చేతిలోని లడ్డూ పొట్లం అందుకోబోయాడు.

నేను తీసుకోలేదు. ముందు చక్రం దగ్గర వంగాను. కాలిన వాసన ముక్కుకు కొట్టింది. చక్రం సందుల్లోంచి డిస్క్ కనిపిస్తోంది. దగ్గరివి కనపడని నా కళ్లకు కూడా కనపడేంత నీలం మచ్చలు పడ్డాయి.

"దిగేటప్పుడు స్టీరింగ్ కాస్త వణికిందండీ" అన్నాడాయన. "నాకు కొంచెం భయమేసింది. కొత్త ప్యాడ్లు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాను. మీరు నడుస్తది అన్నారుగా."

చెప్పాను. బిళ్లల సంగతి, అద్దాల సంగతి, స్కేలు సంగతి అన్నీ. బావ మధ్యలో, "తప్పు నాది గూడ ఉందన్నా, నేనే సక్కగ చెప్పలే" అన్నాడు. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నిన్న మా ఆవిడతో మాట్లాడింది మీరే కదండీ?"

"నేనే."

"అప్పటికే తెలుసాండీ?"

అబద్ధం చెబితే ఆయన నమ్మేవాడు. ముందు రోజు ఒకటి చెప్పిన నోరే కదా, ఇంకొకటి అలవోకగా వచ్చేది.

"ఎరికే" అన్నాను.

కారులో ఆమె అంతా వింది. ఎందుకండీ అని అడిగిన గొంతు ఆమెదే కదా. నా వైపు ఒక్కసారి చూసి, పిల్లవాణ్ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. లడ్డూ పొట్లాన్ని మళ్లీ సంచిలో పెట్టేసింది. తిట్టినా, అరిచినా, చెప్పు తీసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ కారును షెడ్డు దాకా నేను నడిపాను, బండిలా కాకుండా గుడ్ల బుట్టలా. వాళ్లు ముగ్గురూ పిల్లవాడితో ఆటోలో వెళ్లిపోయారు. విప్పి చూస్తే ఒక డిస్క్ మీద వెంట్రుకంత సన్నగా పగుళ్లు మొదలై ఉన్నాయి. ఇంకో ఘాట్ ఉండి ఉంటే అనే ఆలోచనను అక్కడితో ఆపేశాను. ఇప్పటికీ అక్కడితోనే ఆపేస్తాను. కొత్త డిస్కులు నా సొంత ఖర్చుతో వేసి, బండి వాళ్ల ఇంటికి చేర్చాను. తాళం చెవి తీసుకుని ఆయన తలుపు వేసుకున్నాడు.

ఇక రాడనుకున్నాను. వచ్చాడు. ప్యాడ్లు అరిగేసరికి, ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి షెడ్డు ముందు ఆపాడు. అప్పటికి నాకు కొత్త అద్దాలు వచ్చేశాయి, బావ మళ్లీ బిళ్లల పనికి దిగాడు. ఆయన కుర్చీలో కూర్చోకుండా వచ్చి చక్రం పక్కనే నిలబడ్డాడు. నేను కొలిచి, అంకె చెప్పి, పాతవే ఉంచొచ్చన్నాను.

"రూపాయలు తీసేశారాండీ?"

"తీసేసిన."

అరచెయ్యి చాచాడు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత బావ చేతిలోంచి బిళ్లలు తీసుకుని ఆ చేతిలో పెట్టాను. ఆయన వాటిని చూసుకుని, తలూపి, తిరిగి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా అదే పద్ధతి. కొలవడం, అరచెయ్యి, బిళ్లలు, తలూపడం. అడ్డాలో మిగతా డ్రైవర్లకు కూడా ఇది పాకింది. ఇంజన్ ఆయిల్ మార్చుకోను వచ్చినవాడు కూడా, "అన్నా, రూపాయలు తీసేసినవా?" అని నవ్వేవాడు. బావ తిరిగి వాణ్ని ఏదో ఒకటి అనేవాడు. నేను అనేవాణ్ని కాదు. వాళ్లది నవ్వులాట. ఆయన అరచెయ్యి మాత్రం నవ్వులాట కాదు, అది నాకు తెలుసు.

ఆంధ్రా తెలంగాణ వేరుపడిన ఏడాది ఆయన కుటుంబంతో సహా షెడ్డుకు వచ్చాడు. రెండో బిడ్డ పుట్టువెంట్రుకలట, మళ్లీ శ్రీశైలమే. ప్యాడ్లు మార్చాం. డిస్కులు చూశాను, అంచు రాశాను, కొలిచాను. లెక్క సరిగ్గానే ఉంది. "నడుస్తది" అనడానికి ఇంకా నోరు రాక, "మంచిగున్నయి" అన్నాను. ఆయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తలూపి, ఫోన్ చెవికి పెట్టుకునే వెళ్లి కూర్చుని కారు కదిలించాడు.

అరచెయ్యి చాచలేదు.

నమ్మకం మళ్లీ కుదిరిందేమో, లేక మరిచిపోయాడేమో. ఏదైనా సంతోషపడాల్సింది. కానీ ఆయనకిద్దామని బావ దగ్గర తీసుకున్న బిళ్లలు నా గుప్పిట్లో అట్లాగే ఉన్నాయి. తీసేశానా? తీసేశాను. నిజంగా తీసేశానా? కారు రోడ్డెక్కుతోంది.

"ఆగుండ్రి!" అని ఉరికాను. "అన్నా, ఆగుండ్రి!"

బండి ఉన్నచోట ఉన్నట్టే ఆగింది. ముందు సీటు పక్క అద్దం దిగింది. చెయ్యి బయటికి వచ్చింది. ఆయనది కాదు. ఆమెది. తుక్కుగూడలో పొట్లం సంచిలో పెట్టేసిన రోజు నుంచి ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"తీసేశారా?" అంది.

నేను రోడ్డు మీదే నిలబడి మొదటి నుంచి లెక్క వేసుకున్నాను. స్కేలు మీద ఎంత, బిళ్లలు ఎంత, మిగిలింది ఎంత, కనీసం ఎంత. ఆమె తొందరపెట్టలేదు.

"తీసేసినమ్మా" అని బిళ్లలు ఆమె చేతిలో పెట్టాను.

ఆమె వాటిని తిరిగి ఇవ్వలేదు. గుప్పిట మూసుకుని చెయ్యి లోపలికి తీసుకుంది. "ఇక పోనివ్వండి" అంది భర్తతో.